పర్యావరణపరిశోధనమున విషయనిర్ణయము

గ్రంథారంభమున విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యను ననుబంధచతుష్టయమును నిరూపించుట మన శాస్త్రకారుల మర్యాద. పతంజలియు మహాభాష్యమున వ్యాకరణాధ్యయనప్రయోజనములను విచారించి గాని ముందునకు సాగలేదు. పర్యావరణమును గూర్చి పరిశోధింప బూనువారు ఈ మర్యాదను విడుచుటచేతనే వారి వ్యాసములు పెక్కులు ఒక్క మూసలో పోసినట్లుండుచున్నవి. ఒక బాలుడు అమెజాను అడవులను గూర్చి పది పుటలు వ్రాసెను; తన యింటి నూతి లోతెంతయని యడుగగా చెప్పజాలకపోయెను. ఈ దోషము బాలునిది కాదు, విషయమును నిర్ణయించిన మనది. కావున ఆత్రేయపురప్రాంతము నుదాహరణముగా గైకొని విషయనిర్ణయక్రమమును వివరించెదను.

మొదటిది విషయము. కొల్లేరు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సర్ పట్టికకెక్కినది. ఆ ప్రాంతమువారికి అది తగిన విషయము. ఆత్రేయపురవాసి ముంగిట నున్నది గోదావరి యిసుక. ఈ డెల్టాభూమి యంతయు నది తెచ్చి పోసినదే. ధవళేశ్వరముకడ ఆనకట్ట 1852లో పూర్తియైనది. దాని స్థానమున బారేజి 1982 నాటికి వెలసినది. ఎగువను జలాశయములు పెరిగినవి. 1970-79 నడుమ ఏటేట సుమారు 15 కోట్ల టన్నులుగా వచ్చుచుండిన యొండుమట్టి, 2000-2006 నాటికి 6 కోట్ల టన్నులకు లోబడినదని పరిశోధకులు తేల్చిరి. సముద్రతీరపు కోతకు దీనిని ముఖ్యకారణముగా చెప్పిరి. అయినను నీటిలో కలసి వచ్చు మట్టి వేఱు, అడుగున దొర్లి వచ్చు ఇసుక వేఱు; ఒకదాని లెక్కను రెండవదానికి అతిదేశము చేయరాదు.

మఱియు "గోదావరి యిసుక" యనునది అధికారసూత్రము వంటిది. తానుగా కార్యము చేయదు. దానికి విధి కావలెను. బొబ్బర్లంక మొదలు వాడపల్లి వఱకు గట్టువెంట నున్న నూతులలో వేసవి నీటిమట్టము పదియేండ్లలో ఎట్లు మాఱినది? ఫలానా రేవునకు దిగువను గట్టు ఎన్ని గజములు కోతపడినది? స్థలము, కాలము, కొలత మూడును గల యిట్టి ప్రశ్నయే విషయము.

రెండవది ప్రయోజనము. 2012లో సుప్రీంకోర్టు అయిదు హెక్టార్లకు లోబడిన చిన్న ఖనిజపు గుత్తలకును పర్యావరణానుమతి యావశ్యకమని చెప్పినది. 2016లోను, మఱల 2024లోను రాష్ట్రప్రభుత్వము ఇసుకను ఉచితముగా నిచ్చు విధానమును ప్రకటించినది. విధానములు మాఱుచుండును, కొలత లేనిదే వాని మంచిచెడ్డలను నిర్ణయింపలేము. పతంజలి చెప్పిన ప్రయోజనములలో మొదటిది రక్ష. ఇచటను గట్టు, నూయి, లంకభూమి రక్షింపవలసినవి.

మూడవది సంబంధము, అనగా ప్రశ్నకును సాధనములకును గల పొత్తు. 1878 నాటి మోరిసు గ్రంథము, 1907 నాటి హెమింగ్వే గెజెటీరు, సర్వేపటములు, రెవెన్యూ లెక్కలు పూర్వస్థితిని తెలుపును. పండితుడు చేయదగిన పనియు ఇచట గలదు. లంకరైతులును పడవవారును మేట, దిబ్బ, ఒండు, కోత యను మాటలను ఏ యర్థమున వాడుదురో ముందు నిర్ణయింపనిచో వారి సాక్ష్యములను కలిపి లెక్కించుట పొరపాటగును.

కారణనిర్ణయమున తొందర తగదు. 1986 ఆగస్టు వరదవంటిది ఒక్కటియే గట్టు రూపును మార్చగలదు. కావున ఇసుక తీసిన రేవును, తీయని రేవును ప్రక్కప్రక్కన బెట్టి అన్వయవ్యతిరేకములచే పరీక్షింపవలెను. రెండుచోట్లను కోత సమానమైనచో ఇసుకతీతయే కారణమను మాటకు ఆధారము లేదు. దానినియు దాచక వ్రాయవలెను.

కడపటివాడు అధికారి. వరదకును వేసవికిని నదికడకు పోగలవాడు, ఇసుక రాబడిలో పాలు లేనివాడు, పూర్వపక్షమును నిండుగా వ్రాయగలవాడు అర్హుడు. ఇల్లు కట్టువానికి ఇసుక కావలెను. దానిని తోడు కూలివానికి కూడు కావలెను. ఈ పూర్వపక్షమును చులుకన చేసిన సిద్ధాంతము నిలువదు.

పాఠశాలాపండితులు ఈ యేడు తమ శిష్యులచేత తమతమ గ్రామములలోని పది నూతులను, వైశాఖమున నొకసారి, కార్తికమున నొకసారి కొలిపించి తేదీలతో వ్రాయించి యుంచుదురుగాక. పదియేండ్లకు ఆ పుస్తకమే ప్రమాణమగును.