ఫోన్‌లో నీలం.. పార్సిల్‌లో నెమలి కంఠం!

జమ్మలమడుగులో మగ్గం దిగిన చీరకు ప్రొద్దుటూరు అంగట్లో ఫోటో తీశారు. అది పులివెందులలో ఒకరి వాట్సాప్‌కు చేరింది. నచ్చింది, డబ్బులు కొట్టేశారు. పార్సిల్ విప్పితే రంగు వేరు! కొన్నవాళ్లకు మోసపోయామన్న కోపం, అమ్మినవాళ్లకు రానూపోనూ ఖర్చు. ఇలాంటి గొడవ ఎక్కడైనా జరిగేదే. చాలాసార్లు ఇందులో ఎవరి మోసమూ ఉండదు. చీర మారలేదు, ఫోటోలో రంగు మారిందంతే.

మొదటి చిక్కు లైటుది. పాత గుండు బల్బు వెలుగు సుమారు 2700 కెల్విన్, పసుపు పచ్చగా ఉంటుంది. పగటి వెలుగు 5500 నుంచి 6500 దాకా ఉంటుంది. మన కన్ను దేనికైనా సర్దుకుంటుంది. కెమెరా మాత్రం తెలుపు ఏదో అంచనా వేసుకుని మిగతా రంగులు దిద్దుతుంది. ఫ్రేమంతా ఒకే రంగు చీర పరిస్తే ఆ అంచనా తప్పొచ్చు.

రెండోది స్క్రీన్. ఫోటోల్లో ఎక్కువగా వాడే ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణాన్ని హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో తెచ్చాయి. నెమలి కంఠం లాంటి గాఢమైన రంగులు కొన్ని దాని హద్దులో ఇమడవు. అప్పుడు దగ్గర్లో ఉన్న నీలమే కనిపిస్తుంది. ఫోన్‌లో 'వివిడ్' మోడ్ ఉంటే ఇంకాస్త మెరుపు అదనం.

అదే ఫోటో ఫ్లెక్సీ ఎక్కితే మరో తేడా. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తే, ప్రింటర్ నాలుగు ఇంకులతో సరిపెట్టాలి. అందుకే మెరిసే రాణీ రంగు కాస్త చప్పబడుతుంది.

మరి రంగును కొలవలేమా? కొలవొచ్చు! 1931లోనే సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ రంగును అంకెల్లో చెప్పే పద్ధతి తెచ్చింది. రెండు రంగుల మధ్య తేడాను 'డెల్టా ఈ' అంటారు. అది 1 దగ్గర్లో ఉంటే కంటికి తేడా తెలియడం కష్టం. పెద్ద ప్రెస్సుల్లో దీన్ని మీటరు పెట్టి చూస్తారు.

మీకు మీటరు అక్కర్లేదు. అమ్మేవాళ్లయితే నీడపట్టున, పగటి వెలుగులో, చీర పక్కన తెల్ల కాగితం పెట్టి ఫోటో తీయండి. ఫిల్టర్లు వద్దు. కొనేవాళ్లయితే స్క్రీన్‌ను 'నాచురల్' మోడ్‌లో పెట్టి చూడండి. ఫోటోలో కాగితం పచ్చగానో, నీలంగానో కనిపిస్తే చీర రంగూ నమ్మొద్దు, ఇంకో ఫోటో అడగండి.

మన పెద్దోళ్లు చీరను అంగడి బయటికి తెచ్చి వెలుతుర్లో చూసేది ఇందుకే కదా!