లైటు వెలిగినా సెల్ఫ్ పట్టదేం?

తెల్లవారకముందే కోనసీమలోని అంబాజీపేటకు బయలుదేరాల్సిన కొబ్బరికాయల బండి ఇంటి ముందే మొండికేసిందనుకోండి. తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు, అంతే. కబురందుకుని ఎలక్ట్రీషియన్ వస్తాడు.

“బ్యాటరీ బానే ఉందండీ. లైట్లు చూడండి, ఎలా ఎలుగుతున్నాయో! సెల్ఫ్ మోటారే పోయుంటదండి” అంటాడు డ్రైవరు.

“లైట్లు అలాగే ఉంచి, ఇంకోసారి సెల్ఫ్ కొట్టండి.”

కొడితే లైట్లు ఆరిపోయినంత పనవుతుంది. తాళం వదిలేసరికి మళ్లీ మామూలే. ఆ చిన్న పరీక్షలోని తెలివి అర్థం కావాలంటే, ఇంజన్‌ని తిప్పి లేపే ఈ సెల్ఫ్ మోటారు పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

కార్లు వచ్చిన కొత్తలో ఇంజన్‌ని మనిషే తిప్పి లేపేవాడు. బండి ముందు నుంచి ఇనుప హ్యాండిల్ దూర్చి బలంకొద్దీ తిప్పాలి. ఇంజన్ ఎదురు తన్నిందంటే చెయ్యి విరిగేది. అందుకే బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ బిగించకుండా, మిగతా వేళ్ల వైపే ఉంచి పట్టుకోమనేవారు. పాత జీపులూ అంబాసిడర్లూ నడిపినవాళ్లకు ఆ హ్యాండిల్ గుర్తుండే ఉంటుంది.

ఆ చాకిరీని కరెంటుకు అప్పజెప్పినవాడు అమెరికాలోని డేటన్ నగరంలో పనిచేసిన చార్లెస్ కెటరింగ్. ఇంజన్‌ని తిప్పాలంటే మోటారు ఇంజనంత ఉండాలి, దానికి తగ్గ బ్యాటరీ ఇంకా పెద్దదవుతుంది అని నిపుణులు పెదవి విరిచారు. కెటరింగ్ అంతకుముందు నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో దుకాణాల గల్లాపెట్టెలకు చిన్న మోటారు అమర్చినవాడు. గల్లాపెట్టె పని క్షణంలో అయిపోతుంది. రోజంతా తిరగనక్కర్లేని మోటారును దాని తాహతుకు మించి లాగినా, అది వేడెక్కేలోపే పని ముగుస్తుంది. ఇంజన్ లేపడమూ అలాంటి పనేనని అతనికి తట్టింది. 1911లో కాడిలాక్ సంస్థకు చేసి చూపించాడు. ఆ సంస్థ 1912 మోడల్ కార్లకు సెల్ఫ్ వచ్చింది. ఫోర్డ్ మోడల్ టి కార్లకు అది అందడానికి 1919 దాకా పట్టింది.

చిన్న మోటారుతో పెద్ద పని చేయించాలంటే ఆ కొద్ది క్షణాల్లో కరెంటును వరదలా పారించాలి. రెండు హెడ్‌లైట్లు వెలగడానికి సుమారు 10 ఆంపియర్లు చాలు. చిన్న డీజిల్ బండి సెల్ఫ్‌కు 200 ఆంపియర్ల దాకా కావాలి. తాళం తిప్పగానే ముందు సోలినాయిడ్ అనే విద్యుదయస్కాంతపు స్విచ్చికి కొద్దిపాటి కరెంటు అందుతుంది. అది పినియన్ అనే పళ్ల చక్రాన్ని నెట్టి ఇంజన్ ఫ్లైవీల్ పళ్లలో ఇరికిస్తుంది, వెంటనే లావు తీగల దారి కలుపుతుంది. మనం విన్న ‘టక్’ ఆ చప్పుడే. అసలు కరెంటు పారాల్సింది దాని తర్వాత.

ఇక్కడ కోనసీమ రైతుకు వేరే లెక్క చెప్పనక్కర్లేదు. తూముకు గుర్రపుడెక్క అడ్డం పడితే సన్నని ధార ఎలాగో జారుతుంది. ఊడ్పుల వేళ చేనంతటికీ నీళ్లు కావాలన్నప్పుడే తూము ఇవతల మట్టం పడిపోతుంది. బ్యాటరీ టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి చిలుము ఆ గుర్రపుడెక్కే. అది 0.02 ఓముల అడ్డు వేసిందనుకుందాం. లైట్లకు వెళ్లే 10 ఆంపియర్ల దగ్గర పోయేది 0.2 వోల్టు, కంటికి ఆనదు. అదే 200 ఆంపియర్లు పారాలంటే అక్కడే 4 వోల్టులు ఖర్చవ్వాలి. మొత్తం ఉన్నవి 12 చిల్లర! మోటారుకు ఇంజన్‌ని తిప్పే బలం చాలదు.

అందుకే లైట్లు వేసి సెల్ఫ్ కొట్టమనడం. లైట్లు బాగా మసకబారితే చాలావరకు బ్యాటరీ అయినా డౌన్ అయి ఉంటుంది, టెర్మినల్ అయినా చిలుము పట్టో వదులయ్యో ఉంటుంది. ‘టక్’మన్నా లైట్లు చెక్కుచెదరకపోతే కరెంటు మోటారులోకే వెళ్లడం లేదు. సోలినాయిడ్ లోపలి కాంటాక్టులు, అరిగిన కార్బన్ బ్రష్‌లు, ఇంజన్‌కు వచ్చే ఎర్త్ తీగ చూడాలి. అసలు చప్పుడే లేకపోతే తాళం నుంచి సోలినాయిడ్‌కు వెళ్లే సన్నతీగ వెంట వెతకాలి. మోటారు ఊరికే గిర్రున తిరిగి ఇంజన్ కదలకపోతే జబ్బు పినియన్‌ది.

మీటరుంటే ఇంకా తేలిక. నిండుగా ఛార్జయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. మీటరు తీగ మొన ఒకటి బ్యాటరీ సీసపు పోస్టు మీద, రెండోది దాన్ని పట్టుకున్న క్లాంపు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అంకె సున్నాకు దగ్గరగా ఉండాలి. అరవోల్టు చూపినా తప్పు అక్కడే. అలాగే నెగటివ్ పోస్టుకీ ఇంజన్ ఇనుముకీ మధ్య చూస్తే ఎర్త్ సంగతి తేలుతుంది.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి, వానాకాలం బురద, వరదనీళ్లు ఈ అతుకులను త్వరగా తినేస్తాయి. నెగటివ్ తీగను ముందుగా విప్పి, వంటసోడా కలిపిన వేణ్నీళ్లతో టెర్మినళ్లు కడిగి, ఆరాక గీకి, బిగించి, పైన వాజిలైన్ పూస్తే చాలు. బిగించేటప్పుడు నెగటివ్ ఆఖరున. బ్యాటరీ దగ్గర బీడీ ముట్టించకూడదు, అందులోంచి వచ్చే హైడ్రోజన్ అంటుకుంటుంది. బండి లేవలేదని పది సెకన్లకు మించి సెల్ఫ్ నొక్కిపట్టకూడదు కూడా. క్షణాల పనికని కెటరింగ్ చేసిన మోటారు అది, నిమిషాల పనికి కాదు.

బండిని తోసి లేపుదామన్నా ఈ సీమలో ఏటిగట్టు తప్ప వాలన్నది దొరకడం కష్టం. అందుకని కొత్త బ్యాటరీకి డబ్బులు తీసేముందు ఒకసారి టెర్మినళ్లు చూడండి. మన తూములో గుర్రపుడెక్క తీయకుండా, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్లు వదల్లేదని తిట్టుకుంటే ఏం లాభం?