ఆత్రేయపురం: పూత కుండల వూరు

పెళ్లివారింటి నుంచి వచ్చిన అట్టపెట్టె మూత తీసీ తీయకముందే పిల్లలు ఎగబడే మిఠాయి యేదో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. చూడటానికి మడతపెట్టిన ఉత్తరంలా వుంటుంది. కొత్తగా చూసిన పరాయి ప్రాంతపు అతిథి, పైకాగితం వొలిచి లోపలిది తిందామని వెతుక్కోవడం మన యిళ్లల్లో పాత హాస్యమే. ఆ కాగితమే పూతరేకు. దాని పుట్టిల్లు గోదావరి మధ్య డెల్టాలో ఆత్రేయపురం.

రాజమండ్రి నుంచి వెళ్లేవారు ధవళేశ్వరం వచ్చి, కాటన్ బారేజి మీదుగా బొబ్బర్లంక చేరి, అక్కడి నుంచి కాలవగట్టు రోడ్డు పట్టుకుంటారు. జాతీయ రహదారి మీద వచ్చేవారికి రావులపాలెం దగ్గర. ఎటునుంచి వచ్చినా ఒక పక్క కాలవ, ఒక పక్క వరి, గట్లమీద కొబ్బరి, నడుమ అరటి. వూరి పేరు వినగానే సినిమా పాటల ఆత్రేయగారు గుర్తుకు వచ్చేవారు లేకపోలేదు. ఆయనది నెల్లూరు సీమ. ఆత్రేయ అన్నది ఆయన గోత్రం. ఈ వూరికీ ఆయనకూ చుట్టరికమేమీ లేదు.

ఈ ప్రాంతంలో చూడదగినవి ఇంకా వున్నవి. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి ముందు నుంచి చూస్తే విష్ణువు, వెనుక నుంచి చూస్తే మోహిని. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకున్న భక్తులతో శనివారం నాడు దారి కిటకిటలాడుతుంది. లొల్ల లాకులను మీరు వెళ్లి చూడకపోయినా సినిమాలలో చూసే వుంటారు. కాని మేము చెప్పదలచినది గుళ్ల సంగతీ కాదు, లాకుల సంగతీ కాదు, కుండ సంగతి.

పూతరేకు చేసే కుండ వంటకుండ వంటిది కాదు. దాని వీపు నున్నగా, ఎక్కడా గరుకు లేకుండా వుండాలి. బోర్లించిన ఆ కుండలోపలికి ఒక పక్కనున్న నోటి గుండా మంట పెడతారు. మంటకు ఎండు కొబ్బరాకే శ్రేష్ఠం. కట్టె పెడితే సెగ ముదురుతుంది, రేకు మాడుతుంది. కొబ్బరాకు గబుక్కున అంటుకుని, గబుక్కున తగ్గుతుంది. ఎంత సెగ కావాలో అంతే ఆకు తోస్తారు. ఒక చెయ్యి ఆకు తోస్తూ వుంటే మరొక చెయ్యి పూత పూస్తూ వుంటుంది. ఈ రెంటికీ పొత్తు కుదరడమే విద్య అంతా.

బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలలా పలచగా చేసిన పిండి గిన్నెలో పక్కనే వుంటుంది. పలుచని గుడ్డను అందులో ముంచి, రెండు కొసలూ పట్టుకుని, కాగిన కుండ వీపుమీదుగా ఒక్కసారి లాగుతారు. కళ్లు మూసి తెరిచేలోగా తెల్లని పొర లేస్తుంది. అంచు పట్టి వూడదీస్తే అదే రేకు. కుండకు పూసిన పూత గనుక పూతరేకు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలి మనిషి కనిపిస్తాడు. మళ్లీ గుడ్డ ముంచడం, మళ్లీ లాగడం. చూస్తున్నవారికి, ఇంతేనా, మనమూ చేయవచ్చునే అనిపిస్తుంది. చేసి చూస్తే గుడ్డ కుండకు అంటుకుంటుంది, రేకు చిల్లులు పడుతుంది, వేళ్లు కాలుతవి.

బియ్యమంటే ఏ బియ్యమైనా పనికిరాదు. ఇక్కడివారు జయ బియ్యమే కావాలంటారు. జయ 1968లో విడుదలైన పొట్టిరకం వరి, లావు గింజ. మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో స్వర్ణ వచ్చిన తరువాత పొలంలో జయకు మునుపటి పెత్తనం పోయింది. అన్నానికి సన్నబియ్యం కోరే మనం జయను వంటింటి గుమ్మం దాటనివ్వము. అటువంటి మోటు గింజ నుంచే ఇంత నాజూకు రేకు రావడం చిత్రం.

ఆలోచిస్తే ఈ తీపి అంతా ఈ నేలలోనిదే. బియ్యం కాలవకింద చేలలోది, మంట కొబ్బరితోటలది, బెల్లమూ నెయ్యీ యిరుగుపొరుగు వూళ్లవి. ఆ నేలకు నీరు వచ్చినది ఆనకట్ట వల్ల. 1833 కరవులో అల్లాడిన గోదావరి సీమలో, 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించినవాడు ఆర్థర్ కాటన్. మిఠాయికీ ఇంజనీరుకూ ఏమి సంబంధమని నవ్వవద్దు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికోసం దరఖాస్తు పెట్టిన తయారీదారుల సంఘం పేరులోనే సర్ ఆర్థర్ కాటన్ వున్నాడు.

నీరిచ్చిన గోదావరే అప్పుడప్పుడు కోపగించుకోవడమూ కద్దు. 1986 ఆగస్టు వరదనూ, 1996 నవంబరు తుపానునూ కోనసీమవారు నేటికీ మరచిపోలేదు. ఆ తుపానులో కొబ్బరిచెట్లు లెక్కకు మించి నేలకూలినవి.

ఇక అసలు సంగతికి వద్దాం. అట్టపెట్టెమీద కొట్టు పేరు వుంటుంది, వూరి పేరు వుంటుంది. రేకు తీసిన మనిషి పేరు వుండదు. ఈ పనిలో రేకు తీసేవారు వేరు, చుట్టేవారు వేరు, అమ్మేవారు వేరు. రేకు తీసేవారు ఎక్కువగా ఆడవారే. ఇంటి పంచలోనో, చిన్న పాకలోనో కూర్చుని తీసి, లెక్కకట్టి కొట్లకు ఇస్తారు. చుట్టేవారు తడిగుడ్డమీద రేకు పరచి, నెయ్యి చిలకరించి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి, ఏలకుల వాసన తగిలించి మడుస్తారు. ఇప్పుడు జీడిపప్పు, బాదంపప్పు కూడా చేరినవి. పప్పులు చేరితే పెట్టె ధర పెరుగుతుంది. రేకు మాత్రం అదే రేకు.

ఎండాకాలపు పెళ్లిళ్ల రోజులలోనే గిరాకీ ఎక్కువ. బయట ఎండ, ఎదుట మంట, కంట్లో పొగ. గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. 2020లో లాక్‌డౌన్ వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయినప్పుడు ఇటువంటి ఇళ్లలో పొయ్యి ఆరితే ఏమవుతుందో వేరే చెప్పాలా? తల్లి పక్కన కూర్చుని నేర్చుకోవలసిన పిల్ల కాలేజీకి పోతున్నది. పోనీయండి, పోవలసిందే. పొగలో కూర్చోమని ఆ పిల్లకు చెప్పే హక్కు పెట్టె విప్పి తినే మనకు లేదు. కాని రేపు కుండ ముందు కూర్చునేదెవరు అన్న ప్రశ్న మాత్రం వుండనే వుంది.

గుర్తింపు వల్ల ఒక మేలు జరగవచ్చు. ఎక్కడో చేసిన సరుకుకు ఆత్రేయపురం పేరు తగిలించి అమ్మడం ఇక చట్టప్రకారం చెల్లదు. ఆ పేరుకున్న విలువలో రేకు తీసే చేతికి ఎంత దక్కుతుందన్నది చట్టం చెప్పదు, కొట్టువారు చెప్పాలి. పొగ పైకిపోయే పాకా, రేకుకు మరికొంత కూలీ, ఈ రెండూ ఏర్పడితే కాలేజీ చదివిన పిల్ల కూడా ఒక పూట కుండ ముందు కూర్చోవచ్చునేమో.

ఆ దారిన వెళ్లే పాఠకులకు ఒక చిన్న మాట. చుట్టినవే కాక, వట్టి రేకులు కూడా అమ్ముతారు. అడిగి తెచ్చుకుని తడి తగలకుండా దాచుకుంటే, ఇంట్లో నెయ్యీ బెల్లమూ వుంటే చాలు, కావలసినప్పుడు చుట్టుకోవచ్చు. గుడ్డ తడి ఎక్కువైతే రేకు ముద్దవుతుంది, తక్కువైతే పెళుసుగా విరుగుతుంది. మొదటి రెండు మూడూ ఎలాగూ పాడవుతవి. వాటిని చుట్టినవారే పక్కకు తిరిగి తినేస్తే ఎవరికీ తెలియదు.