హరిణ వనస్థలి: పచ్చికబయలు విలువ

శంషాబాదునకు తూర్పుదిక్కున, విజయవాడ మార్గమునందు, వనస్థలిపురము చెంత మహావీర హరిణ వనస్థలి యను మృగరక్షణవనము కలదు. దీని వైశాల్యము దాదాపు 3,600 ఎకరములు. పూర్వ మిది నిజాము ప్రభువుల వేటభూమి. జైన తీర్థంకరుడగు మహావీరుని 2,500వ నిర్వాణవత్సరమును పురస్కరించుకొని 1975లో దీని కాయన పేరిడిరి. తుపాకులు మ్రోగిన నేలకు అహింసను బోధించిన మహనీయుని పేరు కలుగుట మిక్కిలి యుచితము. 1994లో ఇది జాతీయవన మయ్యెను.

ఇచ్చటి ముఖ్యమృగము కృష్ణజింక. మగదానికి ఇఱ్ఱి యని తెలుగున పాత పేరు కలదు. ప్రాయము వచ్చినకొలది దాని వీపు నల్లబడును. కొమ్ములు మెలిదిరిగి యుండును. ఆడుదానికి సాధారణముగా కొమ్ములుండవు.

ఈ వనమున చెట్లగుంపులును, వాని నడుమ పచ్చికబయళ్లును కలవు. చెట్లున్న తావే యడవి యనియు, బయలు వట్టి బీడనియు పలువురు తలంతురు. కాని కృష్ణజింకకు బయలే కోట. అది శత్రువును దూరమునుండియే కనిపెట్టి, గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగముతో పరుగిడును. దట్టమైన పొదలలో చూపును సాగదు, పరుగును సాగదు. తల్లి తన పిల్లను దాచునదియు ఎత్తైన గడ్డిలోనే. చుక్కలదుప్పి చెట్లనీడను కోరును గనుక తోపులును ఉండవలసినదే.

గడ్డి యెంత మేసినను ఏల చావదు? దాని మొలక నేలయొద్దనే యుండును. కొన తెగినను మొదటినుండి మరల పెరుగును. దాని వేళ్లు మన్నును పట్టియుంచి వాననీటిని నేలలోనికి ఇంకజేయును. అయితే నీడ దట్టమైనచో ఈ గడ్డి నిలువదు. బయలునిండ చెట్లు నాటుట జింకకు మేలుచేయుట కానేరదు. సర్కారుతుమ్మ మఱింత చిక్కు తెచ్చును: దాని కాయలను జింకలు తిని, విత్తులను పేడతో వెదజల్లును. కావున మనుష్యులే దానిని పెరికివేయవలసి యుండును.

2008లో శంషాబాదున ప్రారంభమైన విమానాశ్రయ మొక్కటియే 5,000 ఎకరములకు మించినది. నగరము పెరుగక మానదు. బాటలకును ఇండ్లకును నేల వెదకునప్పుడు మొదట కంటబడునది బీడని పేరుపడిన భూమియే.

విద్యార్థులారా! మీరు హరిణ వనస్థలికి పోయినపుడు సద్దుచేయక, మృగములకు దూరముగా నిలిచి, ఆ బయళ్లను కొంతసేపు పరికింపుడు. ఏ నేలనైనను బీడని పిలుచుటకు ముందు, అందు మేయుచున్న ప్రాణు లేవియో చూచుట నేర్చుకొందురు.