సుషీ తిరుగుతోంది.. నోరు తిరగట్లేదు!

ఒసాకాలో ఓ ఆదివారం. ముగ్గురం సుషీ తినడానికి బయల్దేరాం. నేను సెలవు పెట్టి ఊరు చూడ్డానికి వెళ్లినవాణ్ని. నా బీటెక్ రూమ్మేట్ రెండేళ్లుగా అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. మూడోవాడు వరంగల్ నుంచి వచ్చిన జూనియర్, దిగి మూడు వారాలే అయింది. పైగా ‘గుడ్డు తింటా గానీ, చేప ముట్టనన్నా’ అనే రకం. ఇక చూస్కోండి!

గుమ్మంలోనే టచ్‌స్క్రీన్. ఎంతమందో నొక్కితే నంబర్ చీటీ వచ్చింది. దాన్ని పట్టుకుని మా టేబుల్‌కి మేమే వెళ్లి కూర్చున్నాం. పక్కనే కన్వేయర్ బెల్టు, పైన ఆర్డర్ ప్యానెల్, ముందు ఓ చిన్న కుళాయి. చేతులు కడుక్కోడానికి కాబోలని చెయ్యి చాపానో లేదో.. రూమ్మేట్ గబుక్కున పట్టుకున్నాడు. ‘ఒరేయ్, కాలుద్దిరా! అది టీకి వేడినీళ్లు’. కప్పులో గ్రీన్ టీ పొడి వేసుకుని ఆ నీళ్లు పట్టుకోవాలట. మీరు వెళ్తే గుర్తుంచుకోండి. ఇంకోటి. అక్కడి ఆమ్లెట్ సుషీలో మామూలుగా చేపతో కాచిన ‘దాషీ’ అనే రసం కలుపుతారు. ‘గుడ్డు కూడా చేపేనా అన్నా?’ అని జూనియర్ దోసకాయ రోల్స్‌కే ఫిక్సయిపోయాడు.

ఈ బెల్టు సుషీ పుట్టిందీ ఆ పక్కనే. 1958లో హిగాషీ-ఒసాకాలో యోషియాకీ షిరాయిషీ అనే ఆయన ‘గెన్రోకు సుషీ’ తెరిచాడు. అంతకుముందు నుంచే ఆయనకి చిన్న సుషీ కొట్టు ఉంది. గిరాకీ బాగానే ఉండేది కానీ, వడ్డించడానికి మనుషులే సరిపోయేవాళ్లు కాదు. ఓసారి బీరు ఫ్యాక్టరీలో బెల్టు మీద వెళ్తున్న సీసాలు చూశాడు. సుషీని అలా ఎందుకు పంపకూడదు అనుకున్నాడు. అనుకోవడం తేలికే. మూలల దగ్గర ప్లేట్లు ఇరుక్కోకుండా తిరగాలి. వేగం ఎక్కువైతే తీసుకోలేం, తక్కువైతే విసుగు. చివరికి సెకనుకి 8 సెంటీమీటర్ల దగ్గర కుదిరింది. 1970 ఒసాకా ఎక్స్‌పోతో అది దేశమంతా పాకింది. మనం ప్రాజెక్టు రిపోర్టులో ‘ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్’ అని పేజీన్నర నింపుతాం కదా, ఆయనకి అది ఒక్క ముక్క: మనుషులు చాలట్లేదు.

తర్వాత్తర్వాత ప్లేట్ల అడుక్కి చిప్పులు, క్యూఆర్ కోడ్‌లూ వచ్చాయి. ఏ ప్లేటు ఎంతసేపు తిరిగిందో సిస్టమ్‌కి తెలుస్తుంది, పాతబడితే పక్కకి తప్పిస్తుంది. 2023 జనవరిలో కొందరు ఆకతాయిలు బెల్టు మీది వాటిని పాడుచేస్తూ తీసిన వీడియోలు వైరలయ్యాక, చాలాచోట్ల ఊరికే తిప్పడం మానేశారు. మేం వెళ్లిన చోటా అంతే. ప్యానెల్‌లో నొక్కిందే బెల్టు మీద వస్తుంది. ప్యానెల్‌లో ఇంగ్లిషూ ఉంది. నాకైతే భలే నచ్చేసింది.

‘నా కొంప ముంచింది ఇదే మామా’ అన్నాడు రూమ్మేట్.

శుక్రవారం వాడి ఇంటర్వ్యూ పోయింది. ఇప్పుడున్న కాంట్రాక్టు మార్చితో అయిపోతోంది. చేతిలో జేఎల్‌పీటీ ఎన్3 సర్టిఫికెట్ ఉంది. కానీ ఎన్5 నుంచి ఎన్1 దాకా ఆ పరీక్షలో పదాలు, వ్యాకరణం, చదవడం, వినడమే తప్ప మాట్లాడటం ఉండదు. ఆఫీసులో టీమంతా మనవాళ్లే. బయటికొస్తే ప్యానెళ్లు. ‘ఇలాంటి చోట్లకి వందసార్లు వచ్చుంటా. ఒక్కసారీ నోరు తెరవలేదు. మీ ప్రాజెక్టు గురించి చెప్పమన్నారు. ప్రశ్న అర్థమైంది. జవాబూ తెలుసు. మాట రాలేదు’. వాడు చేసేదేంటో తెలుసా? గోడౌన్లలో పార్సిళ్లని దారి మళ్లించే కన్వేయర్ బెల్టులకి సాఫ్ట్‌వేర్!

రాత్రి భోజనానికి ప్యానెల్ లేని కొట్టుకే వెళ్దామని పట్టుబట్టాను. స్టేషన్ వెనక సందులో దొరికింది. పాత బెల్టు, మధ్యలో నిలబడి సుషీ చేసే పెద్దాయన. అక్కడ ప్లేట్లు నిజంగానే తిరుగుతున్నాయి. ముందు జూనియరే ‘సుమిమాసెన్!’ అని కేకేసి, కప్పా మాకీ అడిగేశాడు. వ్యాకరణం దేవుడెరుగు, దోసకాయ రోల్ అయితే వచ్చింది. అది చూసి మావాడికి పౌరుషం పొడుచుకొచ్చింది. ‘మగురో, సబి నుకీ దే’ అన్నాడు మెల్లగా. అంటే ట్యూనా, వసాబి లేకుండా. పెద్దాయన ఏదో తిరిగి అడిగాడు. వీడు నీళ్లు నమిలాడు. ఆయన నిదానంగా మళ్లీ అడిగాడు. ఎన్ని ప్లేట్లూ అని, అంతే!

కాసేపటికి ఏ ఊరు, ఏం పని అనేదాకా వచ్చింది. మావాడు బెల్టుకేసి చూపిస్తూ మొదలెట్టాడు. పెట్టె వస్తుంది, కోడ్ చదువుతుంది, అటు తోస్తుంది.. ముక్కలు ముక్కలుగా చెప్తున్నాడు. సెన్సర్‌ని జపనీస్‌లో ఏమంటారో తోచక తడుముకున్నాడు. వాళ్లూ ‘సెన్సా’ అనే అంటారట! పెద్దాయన నవ్వి, మూల దగ్గర ఇరుక్కుంటే ఏం చేస్తారని అడిగాడు. శుక్రవారం ఇంటర్వ్యూలో వీడు అక్కడిదాకా రానేలేదు.

మీలో జపాన్ ఉద్యోగాల మీద కన్నేసి ఎన్4, ఎన్3 పుస్తకాలు ముందేసుకున్నవాళ్లు ఉంటారు. చదవండి, తప్పదు. దాంతోపాటు మీ ఫైనలియర్ ప్రాజెక్టుని రోజూ రెండు నిమిషాలు జపనీస్‌లో ఎవరికైనా పైకి చెప్పండి. వినేవాళ్లు మధ్యలో ఆపి అడిగే రకమైతే ఇంకా మంచిది.

మావాడికి వచ్చే గురువారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఆ రాత్రి బిల్లు అడిగే పని కూడా వాడికే అప్పజెప్పాం.