నలభై ఐదేళ్లకే పక్షవాతం

అమెరికా ఆగ్నేయ మూలన ఎనిమిది రాష్ట్రాలున్నాయి: రెండు కరొలైనాలు, జార్జియా, అలబామా, మిసిసిపి, టెనెసీ, ఆర్కన్సా, లూసియానా. పక్షవాతంతో చనిపోయేవాళ్లు మిగతా దేశం కంటే ఇక్కడ ఎక్కువని 1960లలోనే మరణాల లెక్కల్లో బయటపడింది. తర్వాత ఈ ప్రాంతానికి ‘స్ట్రోక్ బెల్ట్’ అనే పేరు స్థిరపడిపోయింది. ఒకప్పుడు బానిసల చేత పత్తి పండించిన నేల ఇది. నల్లజాతి జనాభా ఇప్పటికీ ఎక్కువే. ఇంకేముంది, జబ్బు వాళ్ల రక్తంలోనే ఉందని తేల్చేయడం చాలామందికి సులువైంది. కానీ స్ట్రోక్ బెల్ట్‌లో ఉండే తెల్లజాతివాళ్లకు కూడా దేశంలో ఇతర చోట్ల ఉండే తెల్లజాతివాళ్ల కంటే పక్షవాతం ముప్పు ఎక్కువ. రక్తమే కారణమైతే ఇలా ఎందుకుంటుంది?

ఈ చిక్కు విప్పడానికి అలబామా విశ్వవిద్యాలయం బర్మింగ్‌హామ్ కేంద్రంగా 2003లో ‘రిగార్డ్స్’ అనే పెద్ద అధ్యయనం మొదలైంది. 45 ఏళ్లు దాటిన 30,239 మంది నల్ల, తెల్లజాతి అమెరికన్లను చేర్చుకున్నారు. ఇళ్లకు వెళ్లి బీపీ చూశారు, రక్తం తీశారు, ఈసీజీ తీశారు. ఆపైన ఆరు నెలలకోసారి ఫోన్ చేసి ఆరోగ్యం వాకబు చేస్తూ వచ్చారు.

మొదట తేలింది వయసు సంగతి. 45–54 ఏళ్ల మధ్య నల్లజాతివాళ్లకు పక్షవాతం వచ్చే అవకాశం తెల్లజాతివాళ్లతో పోలిస్తే దాదాపు నాలుగు రెట్లు ఉంది. వయసు పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతూ, 85 దాటేసరికి మాయమైపోయింది. అంటే నల్లజాతివాళ్ల మీద ఈ జబ్బు విరుచుకుపడేది ముసలితనంలో కాదు, సంపాదించి ఇల్లు నడిపే వయసులో.

ఎందుకని? ఇక్కడ బీపీ గురించి చెప్పుకోవాలి. రక్తపోటు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే మెదడు లోతుల్లోని సన్నని రక్తనాళాల గోడలు దళసరిగా, పెళుసుగా తయారవుతాయి. కొన్ని పూడుకుపోతాయి, కొన్ని చిట్లుతాయి. బీపీ ఎంత చిన్న వయసులో మొదలైతే నాళాలు అన్ని ఏళ్లు ఎక్కువ దెబ్బ తింటాయి. అమెరికా నల్లజాతివాళ్లకు బీపీ తొందరగా వస్తుంది, ఎక్కువమందికి వస్తుంది. రిగార్డ్స్ 2013లో ఇంకో విషయం బయటపెట్టింది. బీపీలో పై అంకె 10 పాయింట్లు పెరిగితే పక్షవాతం ముప్పు తెల్లజాతివాళ్లలో 8 శాతం పెరుగుతుంటే నల్లజాతివాళ్లలో 24 శాతం పెరుగుతోంది. అదే 45–64 ఏళ్లవాళ్లలో పై అంకె 120 లోపు ఉంటే రెండు జాతుల మధ్య చెప్పుకోదగ్గ తేడాయే లేదు. నా దృష్టిలో ఈ మొత్తం పరిశోధనలో అసలైన మాట ఇదే.

పోనీ, వాళ్లు బీపీని నిర్లక్ష్యం చేస్తున్నారా అంటే అదీ కాదు. తమకు బీపీ ఉందని తెలిసినవాళ్లు, మందు వాడుతున్నవాళ్లు నల్లజాతివాళ్లలోనే ఎక్కువ. అయినా బీపీ అదుపులోకి వచ్చినవాళ్లు మాత్రం తక్కువ. తిండి పాత్రా పెద్దదే. వేపుళ్లు, నిల్వ మాంసం, తీపి పానీయాలతో నిండిన దక్షిణాది భోజనం నల్లజాతి మగవాళ్లలో అదనంగా కనిపించే బీపీలో సగానికి కారణమని 2018లో అదే అధ్యయనం లెక్కగట్టింది.

జన్యువాదం మాత్రం ఓ పట్టాన వదలదు. బానిసల నౌకల్లో ఒంట్లో ఉప్పు నిలుపుకోగలిగినవాళ్లే బతికి బయటపడ్డారు, వాళ్ల సంతానానికి అందుకే బీపీ ఎక్కువ అని 1980లలో ఒక వాదం బాగా ప్రచారమైంది. వినడానికి కథలా బాగుంటుంది. ఆ నౌకల్లో మరణాలకు ఉప్పు కొరత కారణమనడానికి ఆధారాల్లేవని 1992లో చరిత్రకారుడు ఫిలిప్ కర్టిన్ దాన్ని తోసిపుచ్చారు. పరిశోధకుడు రిచర్డ్ కూపర్ బృందం 2005లో వేర్వేరు దేశాల బీపీ లెక్కలు పక్కపక్కన పెట్టింది. నైజీరియాలో బీపీ ఉన్నవాళ్లు 13.5 శాతం. అమెరికా నల్లజాతివాళ్లలో 44 శాతం. జర్మనీలో ఏకంగా 55 శాతం! మూలం ఒకటే అయినా నైజీరియాకూ అమెరికాకూ ఇంత తేడా ఉంది, తెల్లవాళ్ల దేశం ఇద్దరినీ మించిపోయింది. జపాన్ నుంచి హవాయికి వలసపోయినవాళ్లలోనూ ఇలాంటిదే కనిపించింది: స్వదేశంలో ఉండిపోయినవాళ్ల కంటే వాళ్లకు పక్షవాతం తక్కువ, గుండెజబ్బు ఎక్కువ.

జన్యువులకు అసలు పాత్రే లేదనడం కూడా తప్పు. సికిల్ సెల్ రక్తహీనత ఉన్న పిల్లలకు పసితనంలోనే పక్షవాతం రావచ్చు. ఆ జన్యువు మలేరియా ఉన్న ప్రాంతాల్లో పాతుకుపోయింది కాబట్టి ఆఫ్రికా సంతతిలోనూ ఉంది, మన పాడేరు, ఆదిలాబాద్ గిరిజనుల్లోనూ ఉంది. తూర్పు ఆసియావాళ్లలో కొందరికి ఉండే ఆర్ఎన్ఎఫ్213 అనే జన్యుమార్పు మెదడు ధమనులను కుంచింపజేస్తుంది. పూడిక ఏర్పడే చోటు కూడా అందరికీ ఒకటి కాదు. తెల్లజాతివాళ్లకు ఎక్కువగా మెడలోని ధమనుల్లో ఏర్పడుతుంది. ఆసియావాళ్లకు, నల్లజాతివాళ్లకు పుర్రె లోపలి ధమనుల్లో ఎక్కువ. హైదరాబాద్ నిమ్స్‌లో నమోదైన రోగుల్లోనూ పుర్రె లోపలి పూడికలే ఎక్కువగా కనిపించాయి. దీనికి ఇంకా పూర్తి వివరణ దొరకలేదు.

భారత్ సహా 32 దేశాల్లో జరిగిన ‘ఇంటర్‌స్ట్రోక్’ అధ్యయనం 2016లో చెప్పిన ప్రకారం పక్షవాతం ముప్పులో 90 శాతం పది కారణాలతో ముడిపడి ఉంది. అన్నిటికంటే పెద్దది బీపీ. ఒక్క దాని వాటాయే సగానికి దగ్గరగా ఉంది. ముప్పై దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ ఉచితంగా చూస్తారు. నలతగా లేదు కదా అని చూపించుకోనివాళ్లు, మాత్రలు మొదలుపెట్టి మధ్యలో మానేసినవాళ్లు ఈ వారంలోనే వెళ్లి చూపించుకోండి.