శిథిలమగుచున్న స్వరము



సంగీతమనగా రాగతాళములు గలదని మనము తలంతుము. పాట లేక, తాళము లేక, ఒక్క చిన్న స్వరఖండమే గంటసేపు మరల మరల వినబడినచో దానిని సంగీతమనవచ్చునా? అట్టిదొకటి అమెరికా దేశమున ఒక మహాదుఃఖమునకు స్మారకమైన విధమును నేడు విన్నవింతును.

ఈ జాతి సంగీతమును పరిసర సంగీతమనవచ్చును. 1978లో బ్రయన్ ఈనో అను ఆంగ్లేయుడు విమానాశ్రయములకొరకు కూర్చిన కృతితో ‘యాంబియెంట్’ అను పేరు దీనికి రూఢియైనది. ఇది తంబురాశ్రుతివలె చుట్టును నిలిచియుండునే గాని వినుమని నిర్బంధింపదు.

న్యూయార్కున నివసించుచుండిన విలియం బసిన్‌స్కీ 1982 ప్రాంతమున రేడియోలో వచ్చు సంగీతమునుండి చిన్న తునకలను టేపుపై పట్టియుంచెను. టేపనగా సన్నని ప్లాస్టిక్ పట్టీ. దానిపై ఇనుప తుప్పుపొడి జిగురుతో పూయబడియుండును. ధ్వని ఆ పొడియందు అయస్కాంతపు గురుతులుగా నిలుచును. పట్టీ కొనలు రెండును అతికినచో వలయమగును. అంతట గానుగెద్దువలె అదే ధ్వని తిరుగుచునే యుండును.

2001లో ఆయన ఆ పాత టేపులను కంప్యూటరులో భద్రపరుపబూనెను. జిగురు పట్టు విడిచి, ప్రతి చుట్టునకును కొంత పొడి రాలసాగెను. ఆయన యంత్రము నాపలేదు. నిండుగా మ్రోగిన స్వరము క్రమముగా చిల్లులు పడి, తుదకు నిశ్శబ్దప్రాయమయ్యెను. మొదటి ఖండమే గంటకు మించినది. కాపాడబోయిన పనియే నాశహేతువైనది. ఆ నాశమే కృతియైనది.

ఆ సంవత్సరమే సెప్టెంబరు 11న విమానములు ఢీకొని న్యూయార్కులోని జంట సౌధములు కూలినవి. ఆనాటి దాడులలో, దాడి చేసినవారు గాక, 2,977 మంది మృతులైరి. బసిన్‌స్కీ బ్రూక్లిన్‌లో మేడపైనుండి చూచెను. సాయంకాలమున ఆ పొగను చిత్రించి, దానికి ఈ ధ్వనిని జతపరచెను. 2002 మొదలు వెలువడిన ఈ కృతిని మృతులకు అంకితము చేసెను.

ధ్వని ముందు, ఘాతము పిదప. కావున ఇది ఆ దినమును వర్ణింప కట్టినది కాదు. అయినను వినువారు తమ దుఃఖమును అందు గుర్తించిరి. పరుల చావుతో కీర్తి గడించుట యని యెవరైన శంకింపవచ్చును. నాకట్లు తోపదు. ఆ దాడి పిమ్మట అమెరికా 2001లో ఆఫ్ఘనిస్థానమునను, 2003లో ఇరాకునను యుద్ధమునకు దిగెను. ఆ కోపకాలమున పుట్టియు దీనిలో పగ లేదు, నింద లేదు. పోయినదానిపై చింత మాత్రమే కలదు.

2011 సెప్టెంబరు 11న న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమున, ఈజిప్టునుండి తెచ్చి నిలిపిన రెండువేల యేండ్లనాటి దెందూరు ఆలయము నెదుట, వాద్యబృందము దీనిని వాయించెను. టేపు కోలుపోయిన చోటులను మనుష్యులు మౌనముతో చూపిరి.

చావింట మాట దొరకనప్పుడు పెద్దలు పలుకక ప్రక్కన కూర్చుందురు. అదియే ఓదార్పు. ఈ సంగీతము చేయునదియు నంతియే.